ఎనిమిదిన్నర నంబరు

కనకం బల్ల తుడవడం అయింది. తడిగుడ్డని కిటికీ చువ్వకి ఆరేసి, నీళ్ళసీసా నింపుకొచ్చి కుర్చీలో కూర్చుంది. కుడివైపు తెల్ల కాగితం, దాని మీద పెన్ను, ఎడమవైపు ఫోను. ఫోను పెట్టేముందు దాని అద్దాన్ని చీరచెంగుతో ఓసారి తుడిచింది. గోడగడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకున్నాక అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ తనని ఎవరూ నంబరు అడగరని.

ఆ సంగతి ఆమెకి కొత్త కాదు. వారం రోజులుగా ఆఫీసులో అదే మాట. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

వ్యాపార్ విహార్‌లో లారీ కంపెనీల వరసలో మెట్లెక్కి వెళ్ళే ఆఫీసు అది. కింద హమాలీలు చితుకులు రాజేసుకుని చేతులు కాచుకుంటున్నారు. డిసెంబరు పొగమంచులో లారీలు వెనక్కి నడుస్తూ పీప్ పీప్‌మంటున్నాయి. తడిసిన టార్పాలిన్ల వాసన మెట్ల మీదుగా పైకి వస్తోంది.

కనకానికి యాభై నాలుగేళ్ళు. సన్నటి మనిషి, భుజాలు కొంచెం ముందుకి వంగి ఉంటాయి. తండ్రి వేసుకున్న గోధుమరంగు స్వెటరునే చీర మీద వేసుకుంటుంది, చేతులు రెండు మడతలు పైకి మడిచి. చలికి బొటనవేళ్ళు పగిలాయి. జుట్టు ముందుభాగమంతా నెరిసింది. గొంతు మాత్రం వయసుకి లొంగలేదు. ఒక్కో మాటా విడివిడిగా, గింజలు ఏరి పెట్టినట్టు పలుకుతుంది. తండ్రి టెక్కలి దగ్గర పల్లెనుంచి వచ్చి ఈ హిందీ ఊళ్ళో లోకోషెడ్డులో ఖలాసీగా పనిచేశాడు. పెళ్ళైన మూడో ఏట భర్త పోతే ఆమె తండ్రి క్వార్టరుకే తిరిగి వచ్చింది. ఆయన రిటైరయ్యాక ఇద్దరూ తార్‌బహార్‌లో రెండు గదుల వాటాలోకి మారారు. ఆయన కూడా పోయి పదేళ్ళయింది. ఆమె ఆ వాటాలోనే ఉంది, అదే ఫోను నంబరుతో.

ఆ నంబరు మారకపోవడమే ఆమె జీవితంలో జరిగిన పెద్ద విషయం అనుకోవాలి.

ఎనిమిదేళ్ళ కిందట కంపెనీ పనంతా కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, లోపలికి వెళ్ళేవాళ్ళు ముందు పేరూ పాస్‌వర్డూ కొట్టాలి, తరవాత ఫోనుకి వచ్చే ఆరంకెల నంబరు కొట్టాలి అని పెట్టారు. దానికోసం ప్రతి మనిషి ఫోను నంబరూ అందులో రాయించాలి. డిపోల్లో, గోదాముల్లో పనిచేసేవాళ్ళు నెలకో సిమ్ము మార్చేవాళ్ళు. సగం మంది ఫోన్లు చార్జింగు లేక పడి ఉండేవి. మేనేజరు రాంప్రసాద్ రెండు రోజులు విసుక్కుని, మూడోరోజు, "కనకం బాయిది ఎప్పుడూ మారదు. సబ్‌కా వహీ డాల్ దో" అన్నాడు. అందరికీ అదే రాయించమన్న ఆ ఒక్క మాటతో ఇరవై ముగ్గురి తాళంచెవులూ కనకం కొంగున పడ్డాయి.

అప్పటినుంచీ పొద్దున్న ఎనిమిదీ ఇరవై నుంచి తొమ్మిదిన్నర వరకు ఆమె ఫోను కింద పెట్టిందిలేదు. కోర్బా డిపోవాళ్ళు, గేటువాళ్ళు, బుకింగు కౌంటరువాళ్ళు, ఒకరి తరవాత ఒకరు. దీదీ అని ఒకరు, బువా అని ఒకరు, అక్కా అని ఒకరు. ఆరంకెలు హిందీలో చదివి చెప్పడం, పెట్టెయ్యడం. ఎవరు వచ్చారు, ఎవరు ఆలస్యం, ఎవరికి జలుబు చేసింది, ఎవరింట్లో రాత్రి గొడవైంది, ఆమెకి తొమ్మిదిన్నరకల్లా తెలిసిపోయేది. తొమ్మిదైనా నంబరు అడగని మనిషికి ఆమే ఫోను చేసేది. అది ఎవరూ చెయ్యమన్న పని కాదు. రెండేళ్ళ కిందట బిల్హా డిపోలో వేణుగోపాల్ అలాగే ఎత్తకపోతే, పక్క టీకొట్టువాడికి చేసి తలుపు తట్టించింది. ఒంట్లో చక్కెర పడిపోయి నేలమీద ఉన్నాడట. అతను ఇప్పటికీ జామకాయల కాలంలో సంచీ పంపిస్తాడు.

ఎనిమిదిన్నరకి మాత్రం ఒక్కడే చేసేవాడు.

"కనకంగారా? గోవిందరావునండి, సిర్గిట్టి మూడో గోదాం."

ఫోనులో పేరు కనిపిస్తుందని తెలిసినా ఆయన అది చెప్పకుండా మొదలుపెట్టడు.

"రాసుకోండి."

"ఉండండుండండి... ఆఁ, సెప్పండి."

"ఏడు. సున్నా. మూడు. మూడు. ఎనిమిది. ఒకటి."

"ఏడు, సున్నా, రెండు మూళ్ళు, ఎనిమిది, ఒకటి. అంతేనాండి?"

"అంతే."

ఆయనకి ఒక్కడికే ఆమె అంకెలు తెలుగులో చెప్పేది. మొదటిరోజు హిందీలో చెబితే ఆయన, "ఏటనుకోకండి, తెలుగులో సెప్పండి. సిన్నప్పుడు ఎక్కాలు ఆ బాసలోనే సదివేను" అన్నాడు. అప్పటికే తండ్రి పోయి ఇంట్లో ఆమెకి తెలుగు మాట్లాడే పని లేకుండా పోయింది. బుకింగు కౌంటరులో ప్రసూన తెలుగు పిల్లే. ఏం అడిగినా హిందీలో జవాబు చెబుతుంది. అందుకే రోజు మొత్తానికి కనకం నోట తెలుగు పలికేది ఆ ఎనిమిదిన్నర ఫోనులోనే.

నంబరు రెండు నిమిషాలే చెల్లుతుంది. గోవిందరావు వారానికి రెండుసార్లైనా మళ్ళీ చేసేవాడు.

"మళ్ళీ దాటిపోనాదండి."

"ఏటండీ, ఆరంకెలకి ఇంతసేపా? తాబేలైనా కొట్టేస్తాది."

"తాబేలుకి నాలుగు కాళ్ళండి. నాకు కొట్టడానికొచ్చేవి రెండు సేతి ఏళ్ళే."

ఆయన చేతులు నెమ్మది అనుకుంది ఆమె. మళ్ళీ చెప్పేది. మొదటి ఏడాది నంబరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. తరవాత నంబరు చివర ఒక మాట చేరింది. ఇవాళ మంచు బాగా పడిందండి. నిన్న మీ గొంతు బొంగురుగా ఉంది, మిరియాలు నమలండి. ఇక్కడ తివరాకూర వచ్చింది, పప్పులో వేస్తే ఎలగుంటాదండి? ఒకే మాట. రెండో మాట ఎప్పుడూ లేదు. ఆయన భార్య పోయిందనీ, పిల్లలు లేరనీ, గోదాం పక్క గదిలోనే వండుకుని తింటాడనీ ఆమెకి వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఒకసారి ఆమె జ్వరంతో మూడు రోజులు రాలేదు, ఫోను ప్రసూనకి ఇచ్చింది. నాలుగోరోజు ఆయన, "ఆ పాప హిందీలో సెప్పిందండి. మూడు రోజులూ తప్పు కొట్టేను" అన్నాడు. ఆరోజు నంబరు చెప్పడానికి ముందు ఆమె కాసేపు నవ్వింది.

మనిషిని చూసింది ఒక్కసారే. అయిదేళ్ళ కిందట విశ్వకర్మ పూజనాడు అన్ని చోట్లవాళ్ళూ ఆఫీసుకి వచ్చారు. విస్తరాకు పట్టుకుని వరసలో నిలబడ్డ పొట్టి మనిషి, నున్నగా దువ్విన తెల్లజుట్టు, పై గుండీ దాకా పెట్టుకున్న చొక్కా, "కొంచెం పప్పు" అనగానే ఆమె గరిటె ఆగింది. ఆయనా తలెత్తి చూశాడు. "నంబరు కనకంగారేనా?" అన్నాడు. "అవునండి" అంది. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. అంతే.

ఇప్పుడు ఎనిమిదిన్నర దాటింది. కనకం ఫోనుని బోర్లా పెట్టింది. కాసేపటికి మళ్ళీ తిప్పి పెట్టింది.

శనివారం ఆఖరి నంబరు చెప్పాక ఆ కబురు ఆమే చెప్పాల్సి వచ్చింది.

"సోమవారం నుంచి నంబరు అక్కర్లేదండి. కంపెనీవాళ్ళు మీకు కొత్త ఫోను ఇస్తారు. కంప్యూటర్లో పేరు కొట్టగానే ఆ ఫోనే అడుగుతాది."

"ఏటని?"

"ఇది మీరేనా, అని. అవును అని నొక్కడమే."

"నానే అని నానే సెప్పుకోవాలా?"

"అంతేనట."

ఫోనులో ఏదో గూడ్సు బండి వెళుతున్న చప్పుడు వచ్చింది, అంతే. ఎనిమిదేళ్ళుగా ఆయన, "రేపు సేస్తానండి" అని ఫోను పెట్టేవాడు, శనివారమైతే, "సోమారం సేస్తానండి." ఆరోజు, "ఉంటానండి" అన్నాడు.

సోమవారమంతా ఇరవై ముగ్గురి ఫోన్లు కలపడంతోనే సరిపోయింది. మంగళవారం, ఇవాళే, తీరిక దొరికింది. ఆ తీరికలో కనకానికి ఒక కోరిక పుట్టింది. చిన్నదే. ఫోను చేసి ఆయన గొంతు వినాలి. కాని నంబరు లేకుండా చేసి ఏమని మొదలుపెట్టడం? పని లేకుండా ఒక ఆడమనిషి, తనకి ఏమీ కాని మగమనిషికి, యాభై నాలుగేళ్ళ వయసులో? ఆలోచించగా ఒక దారి కనిపించింది. కొత్త పద్ధతి పనిచేస్తోందా అని అడగవచ్చు. అది ఆఫీసు మాటే అవుతుంది. తప్పులేదు.

ఆమె ఫోను అందుకునేసరికి దిలీప్ మెట్లెక్కి వచ్చాడు. కొత్త పద్ధతి పెట్టడానికి రాయపూర్ నుంచి వచ్చినవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. భిలాయ్‌లో పుట్టిన తెలుగువాడు. మాట్లాడతాడు, చదవడం రాదు.

"గుడ్ మార్నింగ్ ఆంటీ! చూశారా, ఎంత శాంతి! ఇవాళ మీ ఫోను సెలవులో ఉంది."

"అవున్నాయనా."

"రండి, మీ కొత్త పని చూపిస్తా. రాంప్రసాద్‌జీ మిమ్మల్నే అడ్మిన్ చెయ్యమన్నారు. అందరూ మీకు తెలుసు కదా."

కంప్యూటర్లో ఇరవై మూడు పేర్లు వరసగా కనిపించాయి. ఒక్కో పేరు పక్కన ఒక్కో చుక్క. దిలీప్ నిలబడే ఉండి వివరించాడు. ఇదివరకు బుకింగుకి ఒక తలుపు, సరుకుకి ఒకటి, గేటు పాసుకి, హాజరుకి, సెలవుకి, ఇలా అయిదు తలుపులు, అయిదు పాస్‌వర్డులు. ఇప్పుడు సింగిల్ సైన్-ఆన్. ఒక్కసారి తానే అని ఫోను మీద ఒప్పుకుంటే అయిదూ ఒకేసారి తెరుచుకుంటాయి. మధ్యలో ఎవరూ నంబరు చెప్పక్కర్లేదు.

"ఈ పచ్చచుక్క ఏటి?"

"లాగిన్ అయి ఉన్నారని ఆంటీ. బూడిదరంగు ఉంటే లేరని."

"పచ్చగా ఉంటే డ్యూటీకి వచ్చినట్టేనా?"

"హాఁ, అలాగే అనుకోండి."

ఆమె వేలు జాబితా వెంట కిందికి దిగింది. పదిహేడో పేరు. గోవిందరావు, సిర్గిట్టి, మూడో గోదాం. పచ్చచుక్క.

"అంకుల్ టాప్ క్లాస్!" అన్నాడు దిలీప్ ఆమె వేలు చూసి. "నిన్న నేనే వెళ్ళి పెట్టాను. గోదాం లోపల టవర్ రాదు, వైఫై మీద కలిపాను. కంప్యూటర్ ఆపొద్దని చెప్పి వచ్చా. ఆయన ఒకటే అడిగాడు ఆంటీ. మరి నంబరుకి ఎవరికి చెయ్యాలి అని. ఎవరికీ చెయ్యక్కర్లేదు అంకుల్ అన్నా. అచ్ఛా అన్నాడు. టీ తాగాక మళ్ళీ అదే అడిగాడు!"

దిలీప్ నవ్వాడు. కనకం కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది. పద్ధతి పనిచేస్తోందని చుక్కే చెబుతోంది. ఇంక అడగడానికి ఏముంది?

తొమ్మిదీ అయిదుకి జాబితాలో ఒక్క చుక్క ఇంకా బూడిదరంగులో ఉంది. గేటు సూర్యం. పాత అలవాటుకొద్దీ ఆమె ఫోను తీసి అతనికి చేసింది. అక్కా అన్న పిలుపు తప్ప అతనితో అంతా హిందీయే.

"అక్కా, నంబరు అక్కర్లేదన్నారు కదా!"

"నంబరుకి కాదురా. తొమ్మిది దాటింది, ఇంకా రాలేదేం?"

"స్నానం చేస్తున్నానక్కా. వొంటినిండా సబ్బుంది. కొత్త సిస్టమ్ వచ్చినా నీ నుంచి విడుదల లేదా నాకు?"

పక్క బల్ల దగ్గర ప్రసూన పకపకా నవ్వింది. పావుగంటకి సూర్యం చుక్క పచ్చబడింది. ఇరవై మూడూ పచ్చబడ్డాయి. పచ్చగా ఉన్నవాళ్ళకి ఫోను చెయ్యాల్సిన పని లేదు.

పదిన్నరకి మంచు విడిచి కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. ఆమె గేటు పాసుల కాగితాలు తేదీల వారీగా సర్దింది. కోర్బా నుంచి వచ్చిన రెండు బస్తాల తేడా గురించి ఉత్తరం రాసింది. పదకొండూ నలభైకి ఫోను తీసి గోవిందరావు పేరు దాకా వెళ్ళింది. బొటనవేలు పేరు మీద ఆగింది. తివరాకూర పప్పు ఎలా కుదిరింది అని అడిగితే? అది నంబరు చివర రావలసిన మాట. నంబరు లేకుండా ఆ మాట ఒక్కటీ ఎలా నిలబడుతుంది? కళ్ళెత్తి కంప్యూటర్ వైపు చూసింది. పచ్చచుక్క కదలకుండా, నిశ్చింతగా ఉంది. పనిలో ఉన్నాడు. పనిలో ఉన్న మనిషిని కదపడం ఎందుకని ఫోను పెట్టేసింది. ఒక విధంగా అది బాగానే అనిపించింది. పొద్దుటినుంచీ ఆయన కళ్ళెదుట ఉన్నట్టే ఉంది.

మధ్యాహ్నం డబ్బా విప్పుకున్నప్పుడు ప్రసూన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎప్పటిలాగే హిందీలో మొదలుపెట్టింది.

"ఆంటీ, ఆజ్ ఫోన్ కా మౌన వ్రత్ హై క్యా? ఒక్కసారి కూడా మోగలేదు."

"మోగకపోతే మీకు హాయి కదే."

"నాకేం హాయి? మీరు రోజూ పొద్దున్న తెలుగులో ఏడు, సున్నా, మూడు అంటుంటే వినడానికి బాగుండేది. మా నానమ్మ అలాగే అనేది." ప్రసూన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏడు అంటే సాత్ కదా?" అంది.

"సాతే."

"చూశారా, వచ్చేసింది!"

మూడుంబావుకి రాంప్రసాద్ ఫోను మోగింది. ఆయన అద్దాల గదిలో కూర్చుని మాట్లాడుతుంటే మాటలు బయటికి రావు. కనకం ఊరికే అటు చూసింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడడం, ఒక చేత్తో నుదురు పట్టుకోవడం కనిపించింది. తరవాత తలుపు తీసుకుని వచ్చి, స్కూటరు తాళాలకోసం జేబులు తడుముకుంటూ, హిందీలో, గది మొత్తానికి చెప్పాడు. సిర్గిట్టి గోవిందరావు పోయాడు. గోదాం వెనక పడి ఉంటే ఊడ్చే ఆవిడ ఇందాక చూసిందట. మన బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చాలా గంటలైందని డాక్టరు అన్నాడట.

ప్రసూన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కనకం కంప్యూటర్ వైపు చూసింది. పదిహేడో పేరు పక్కన చుక్క పచ్చగానే ఉంది.

"దిలీప్" అంది. "ఇది చూడు."

దిలీప్ వచ్చి చూశాడు. అతని మొహం పాలిపోయింది. "ఇది నిన్న తెరిచినదే ఆంటీ. కంప్యూటర్ ఆపొద్దని నేనే చెప్పా కదా. తెరిచి ఉంటే... ముప్ఫై రోజుల వరకూ పచ్చగానే ఉంటుంది."

"మనిషి లేకపోయినా?"

"సిస్టమ్‌కి తెలీదు ఆంటీ."

ఆమె తల ఊపింది. ఆమెకి అతని తప్పు ఏమీ కనిపించలేదు. పొద్దున్న ఆ చుక్క చూసి ఫోను కింద పెట్టింది తనే.

రాంప్రసాద్ మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "కనకం బాయి, ఆయన ఖాతా ఆపేయించు. గోదాం తెరిచే ఉంది, సరుకుంది. ఆయన పేరు మీద ఎవరూ లోపలికి పోకూడదు. ఇప్పుడే చెయ్." ఆయన గొంతులో కరకుదనం లేదు. చెయ్యవలసినది చెప్పాడు, అంతే.

ఆ పని అడ్మినుదే. దిలీప్ తాను చేస్తానన్నాడు. ఆమె వద్దంది. అతను చూపించిన చోట నొక్కింది. ఇదివరకైతే అయిదు చోట్ల అయిదుసార్లు తియ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకచోట ఆపితే చాలు, బుకింగూ, సరుకూ, గేటూ, హాజరూ, సెలవూ అన్నీ ఒకేసారి మూసుకుంటాయి.

అప్పుడు బల్ల మీద ఆమె ఫోను మోగింది. ఆ రోజుకి అదే మొదటిసారి. ఎవరి పేరూ లేదు. తెర మీద ఒక ప్రశ్న ఉంది. ఇది మీరేనా?

కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, కనకం అవును అని నొక్కింది. పదిహేడో చుక్క బూడిదరంగులోకి మారింది.

నాలుగున్నరకి ఆమె షేర్ ఆటోలో సిర్గిట్టికి బయలుదేరింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఎనిమిదేళ్ళలో ఆ వైపు వెళ్ళడం అదే మొదలు. ఆటోలో ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్ళో కోడిపిల్లల బుట్ట ఉంది. రైలుకట్ట దాటాక షెడ్లు, రంగు వెలిసిన గేట్లు, పొగగొట్టాలు. ఇంత దగ్గరా అనుకుంది. పావుగంట కూడా పట్టలేదు.

మూడో గోదాం వీధి చివర. రేకుల కప్పు, పొడుగాటి గోడ, చుట్టూ ఎండిన గడ్డి. రాంప్రసాద్ ఆస్పత్రి దగ్గరే ఉన్నాడు. అరుగు మీద గోదాం ఊడ్చే సుక్‌వారా బాయి ఒక్కత్తే కూర్చుని ఉంది, చీపురు పక్కన పెట్టుకుని. అరవయ్యేళ్ళ మనిషి. ముంజేతుల నిండా పచ్చబొట్లు. కనకం తను ఆఫీసు నుంచి వచ్చానని చెప్పింది. ఆవిడ తలెత్తి కాసేపు చూసింది.

"నంబరు చెప్పే దీదీవి నువ్వేనా?" అని అడిగింది ఛత్తీస్‌గఢీలో.

"నేనే."

ఆవిడ లేచి రమ్మన్నట్టు చెయ్యి ఊపి గోడ వెంట నడిచింది. గోదాం చుట్టూ తిరిగి వెనకవైపుకి. దారి పొడవునా గడ్డి చచ్చి కాలిబాట పడి ఉంది, ఒక్క మనిషి నడవడానికి సరిపోయేంత. తలుపు దగ్గరనుంచి ఆ మూలకి నూటయాభై అడుగులు ఉంటుంది. నడుస్తూ ఆవిడ చెప్పింది.

"లోపల ఫోను పలకదు కదా. ముందు వైపూ పలకదు. ఈ మూల ఒక్కచోటే, అదీ ఎత్తు మీద నిలబడితేనే. రోజూ ఇదే సంగతి. పెట్టె ఎక్కేవాడు, కిటికీ చువ్వ పట్టుకుని నీతో మాట్లాడేవాడు, నంబరు అరచేతిలో రాసుకునేవాడు, దిగి పరుగు. ఆ వయసులో ఆ పరుగు చూసి నేను నవ్వేదాన్ని. ఇంత కష్టం దేనికి బాబూ, కంపెనీ వాళ్ళకి చెప్పి ఏదో ఒకటి పెట్టించుకోరాదా అంటే, ఇలాగే బాగుంది అనేవాడు."

ఆయన చేతులు నెమ్మది అనుకుంది తను, ఎనిమిదేళ్ళూ.

"ఇవాళ నంబరు అక్కర్లేదు కదా" అంది కనకం.

"నిన్ననే చెప్పాడు, ఇంక ఎక్కే పని లేదని. పొద్దున్న అదే వేళకి నేను నీళ్ళకి పోతూ చూస్తే ఎక్కి ఉన్నాడు. పాత ఫోను చేతిలో పట్టుకుని. మళ్ళీ ఏంటి బాబూ అంటే, టవర్ ఉందో లేదో చూస్తున్నా అన్నాడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. నేను వెళ్ళిపోయాను. ఇవాళ లారీలు కూడా రాలేదు. రెండింటికి ఊడవడానికి వస్తే..."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, తను అరుగు దగ్గర ఉంటానని చెప్పి వెళ్ళిపోయింది.

కనకం ఒక్కత్తే నిలబడింది. అవతల రైలుకట్ట మీద గూడ్సు బండి వెళుతోంది. శనివారం ఫోనులో విన్న చప్పుడే. ఆమె చేతిసంచీలోంచి తన ఫోను తీసింది. ఇక్కడ, నేల మీద, దానికి ఏమీ అందడం లేదు. దాన్ని మళ్ళీ సంచీలో పెట్టింది. పొద్దున్న ఎనిమిదిన్నరకి తను ఫోనుని బోర్లా పెట్టి, తిప్పి పెట్టిన సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

ఎండ గోడ మీదనుంచి దిగిపోతోంది. గోడ వారగా, కిటికీ కింద, మోటారు సామాన్లు వచ్చే చెక్కపెట్టె ఒకటి తలకిందులుగా వేసి ఉంది. కాలు జారకుండా దాని మీద గోనెపట్టా పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టాడు. గోనె నడిమిన రెండు పాదాల మేర నలిగి, నల్లబడి, నున్నగా అయింది. కనకం దాని మీద చెయ్యి పెట్టి చూసింది. కదలలేదు. నేల పల్లంగా ఉన్న వైపు పెట్టె ఊగకుండా, మూల కింద ఒక ఇటుక ముక్క చెక్కి, సరిగ్గా అమర్చి ఉంది.